పొయ్యిలో వెయ్యని నూలు

గంజి కాసేటప్పుడు గరిటె ఆపితే ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన గంజి పట్టిస్తే గుడ్డ మీద రంగు నిలవదు. అందుకే నిన్న సినిమా హాల్లో తలెత్తుకోలేక కూర్చున్న నేనే, ఇవాళ పొద్దున్నే పెరట్లో కట్టెల పొయ్యి ముందు గరిటె తిప్పుతూ నిలబడ్డాను. హైదరాబాదులో మా ఆయన హరీశ్ బొమ్మల ప్రదర్శన ఉంది. దుకాణంలో కొన్న కాన్వాసు ఆయనకు నచ్చదు. సిరిసిల్ల ముతక గుడ్డే కావాలి, దానికి తుమ్మబంక కలిపిన గంజి పట్టించి, నీడలో ఆరబెట్టి, సీసాతో నున్నగా రుద్ది పంపాలి. "నేను మా ఊరి గుడ్డ మీదనే బొమ్మేస్త" అని టీవీలో గొప్పగా చెబుతాడు. ఆ గుడ్డకు గంజి ఎవరు పెడతారని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సినిమా ఆయన జీవితం మీదే. భివండిలో మరమగ్గాలు నడపడానికి వలసపోయిన కుర్రాడు, ఇక్కడ సిరిసిల్లలో మగ్గాలు ఆగి మనుషులు ఉరిపోసుకుంటున్న రోజుల్లో తిరిగొచ్చి, తాగి, ఆ చావులనే బొమ్మలు గీసి, ఢిల్లీ దాకా పేరు తెచ్చుకున్న కథ. సిరిసిల్ల హాల్లో ముందు వరుసలో మా అత్తమ్మ లసుమవ్వ, నేను, కాలేజీకి పోతున్న నా బిడ్డ అఖిల కూర్చున్నాం. ఆయన డైరెక్టర్ పక్కన కూర్చున్నాడు. ఇంటర్వెల్‌కు ముందు, నా వేషం కట్టిన అమ్మాయి "గీ బొమ్మలు కూడు పెడ్తయా?" అని అరుస్తూ వాటన్నిటినీ చుట్టి పొయ్యిలో కుక్కింది.

హాల్లో ఆడవాళ్ళంతా ఒక్కసారి అయ్యో అన్నారు. వాళ్ళు అయ్యో అన్నది బొమ్మల కోసం కాదు. మా నేత సాలోళ్ళ ఇళ్ళల్లో చిక్కుపడ్డ నూలును కూడా పొయ్యిలో వెయ్యరు. అన్నం పెట్టిన నూలది. పనికిరాని పోగులన్నీ సంచిలో దాచి ఎప్పుడో గోదారి పోయినప్పుడు నీళ్ళలో వదులుతాం. "సాలోల్ల ఆడిదేనా గిది? గుడ్డను పొయ్యిల ఏసింది!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్న అఖిల మెల్లగా తన చెయ్యి తీసేసుకుంది. చెయ్యని పనికి నాకు చచ్చిపోయినంత సిగ్గేసింది. కొంగు తల మీదికి లాక్కుని తెర వైపు చూడటం మానేశాను.

బయటికొచ్చాక ఆయన్ని పక్కకు పిలిచి, "నేనెప్పుడు కాలవెట్టిన?" అని అడిగాను.

"సినిమానే గదనే! హీరోనే తన బొమ్మలు కాలవెట్టుకుంటె జనం మెచ్చరన్నడు డైరెక్టర్. గంత మనసుకు తీసుకోకు. అవ్ గని, గుడ్డ తయారైందా?" అంటూనే హైదరాబాదు పోయే కారెక్కాడు.

నిజానికి ఏళ్ళ కింద ఆ బొమ్మల్ని పొయ్యిలో వేసింది ఆయనే. ఎవరో పెద్దమనిషి వచ్చి ఇవీ బొమ్మలేనా అని నవ్విపోయిన రోజు, తాగొచ్చి వేశాడు. నేను చెయ్యి పెట్టి దొరికినన్ని లాగాను. అవే ఢిల్లీ పోయాయి. నా చెయ్యి మోచేతి దాకా కాలింది. "పాలు మీదవడ్డయని చెప్పు బిడ్డా. సాలోని కొడుకు గుడ్డను పొయ్యిల ఏసిండంటె కులంల ఏం మొఖం పెట్టుకుందుం?" అని అత్తమ్మ ఏడ్చింది. దవాఖానలో నర్సుకు, కోరుట్లలో మా అమ్మకు, ఆఖరికి నా కూతురికి కూడా పాలనే చెప్పాను. అప్పటి నుంచి నిండు చేతుల జాకెట్లే తొడుగుతున్నాను. ఆయన సిగ్గును నా జాకెట్ కింద దాచుకుని తిరిగాను, తీరా చూస్తే దాన్ని తెచ్చి ఊరందరి ముందు నా నెత్తినే రుద్దాడు.

గంజి తిప్పుతుండగా అఖిల వచ్చి పొయ్యి పక్కన నిలబడింది. నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. కొంచెం దూరంలో అత్తమ్మ కూర్చుని నూలు చిక్కు తీస్తోంది.

"అమ్మా, చిన్నప్పుడు నేను పోగులు పొయ్యిల ఏస్తె నా ఈపుల ఒక్కటేసినవ్. యాదికున్నదా?"

"ఆఁ."

"పోగే ఎయ్యనియ్యనిదానివి, బొమ్మలేసిన గుడ్డను ఎట్లేసినవే? రాతిరంత గదే ఆలోచిస్తున్న. నువ్వెయ్యవు. మరెవలేసిండ్రు?"

నేను అత్తమ్మ వైపు చూశాను. అప్పుడు పాలు అన్నట్టే ఇప్పుడూ ఏదో ఒకటి అల్లి దాటేస్తుందనుకున్నాను. ఆమె చేతిలో నూలు ఒడిలో పడింది.

"సూపెట్టు పిల్లా," అంది. "దానికి నీ చెయ్యి సూపెట్టు."

నేను జాకెట్ చెయ్యి పైకి జరిపాను. "మీ నాయన ఏసిండు. నేను తీసిన," అన్నాను.

అఖిల ముడతలు పడ్డ నా చర్మం మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉంచింది. "గిన్నేండ్లు పాలని ఎందుకు చెప్పినవే?"

"సిగ్గైంది బిడ్డా."

"సిగ్గు నీకెందుకమ్మా?" అంది. అత్తమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

మాడు వాసన వచ్చింది. చూస్తే గంజి అడుగంటి గిన్నెకు పట్టేసింది, పెళ్ళైనప్పటి నుంచి అలా ఎన్నడూ కాలేదు. అప్పుడే ఫోన్ మోగింది. ఆయనే, గుడ్డ కోసం. కట్టెలు బయటికి లాగి, నీళ్ళు చల్లి, తీరిగ్గా ఫోన్ ఎత్తాను.

"గంజి ఎట్ల కాయాల్నో చెప్త," అన్నాను. "రాసుకో."