సాంచల సప్పుడు

అనూషకు ఏడేళ్లుగా రెండు కళ్లూ చాలడం లేదు. కూతురు రాణికి ఆటిజం. మాట రాదు, పిలిస్తే తిరగదు, తలుపు ఓరగా కనిపిస్తే మాత్రం బాణంలా పోతుంది. ఎక్కడికి పోవాలని దాని ఆరాటమో ఆ దేవుడికే తెలియాలి. అందుకే అనూష పోపు పెడుతున్నా ఒక కన్ను గడప మీదే ఉంచుతుంది. సిరిసిల్లలో వాళ్ల గది గోడకు అవతలే మరమగ్గాల షెడ్డు. అక్కడివాళ్లు సాంచలంటారు. ఆ సాంచల మోతలో పిల్ల కాలిగజ్జెలు వినపడి చస్తేనా! చెవుల పని కూడా కళ్లే చేయాలి. రాత్రి కునుకు తీయాలన్నా భయమే.

"గా సప్పుడుకే పోరి ఆగమైతాంది" అని తేల్చేసింది అనూష. ఇలాంటి పిల్లలకు మోత పడదని ఫోనులో వీడియోలూ చెప్పాయి. ఇంకేం? సాంచలు నడిపే భర్త శ్రీహరిని అక్కడే ఉంచి, పిల్లతో కోరుట్లలోని తల్లిగారింటికి వచ్చేసింది.

మొదటి రెండు రోజులూ అనూషకు హాయిగా గడిచాయి. చీమ చిటుక్కుమన్నా వినపడే ఇల్లు. పిల్ల ఏ మూల తిరిగినా గజ్జెలు చెబుతున్నాయి. ఎన్నేళ్లకో అనూష గోడవైపు తిరిగి కూర్చుని అన్నం తిన్నది. రాణి మాత్రం రెండు రాత్రులూ కన్ను మూయకుండా తల విదిలిస్తూ తిరిగింది.

మూడో రోజు పొద్దున గజ్జెల చప్పుడు ఆగింది. ఇప్పటికి పడుకుంది కాబోలు అనుకుంది అనూష. అనుకోవడమే తప్పైంది. వెళ్లి చూస్తే గడప దగ్గర విప్పిన గజ్జెలున్నాయి, పిల్ల లేదు.

ఇలాంటి పిల్లలు నీళ్ల వైపే పోతారని విని ఉంది. ఇంటి వెనక పాత బావి దగ్గరికి పరుగెత్తింది. నీళ్లు కదలడం లేదు. అది మంచికో చెడుకో తెలియక అక్కడే కూలబడి ఏడ్చింది. అంతలో సందు చివర నుంచి తల్లి రాజవ్వ పిలిచింది.

"ఓ బిడ్డా, ఇటు రా. గిర్ని కాడున్నది."

పిండి గిర్ని ఆడుతోంది. బయటి గోడకు తల ఆనించి, జుట్టంతా పిండితో, నోరు తెరుచుకుని రాణి గాఢంగా నిద్రపోతోంది.

ఏముంది ఈ గోడలో? అనూష కూడా పక్కన కూర్చుని తల ఆనించి చూసింది. పళ్లు జివ్వుమన్నాయి. గోడ వణుకుతోంది, సిరిసిల్లలో మంచం పక్క గోడ వణికినట్టే. పుట్టినప్పటి నుంచి పిల్ల ఆ వణుకులోనే పడుకుంది. నిశ్శబ్దం కావలసింది తనకు. ఆ సాకు పిల్ల మీద పెట్టింది. అనూషకు సిగ్గేసింది.

అక్కడి నుంచే భర్తకు ఫోన్ చేసింది. "మల్ల సాంచల కాడికే వస్తున్నం."

"ఈడ నీకు నిద్రుండదంటివి గదనే?" అన్నాడు శ్రీహరి.

"నాకుండదు" అంది అనూష. పిల్లను ఒళ్లోకి తీసుకోబోయి ఆగి, తలను ఆ గోడకే ఉండనిచ్చింది. "దీనికుంటది."