వీరభద్రపతి భార్య

రొయ్యలు ఒలుస్తుంటే ఫోన్ మోగింది. మోచేత్తో స్పీకర్ నొక్కాను. కాకినాడ నుంచి రూబీ. మొదటి సినిమా తీయబోతున్న డైరెక్టర్, ముప్పై ఏళ్ల అమ్మాయి. నేను పంపిన స్క్రిప్టు చదివిందట.

"హైమగారూ, మీ వీరభద్రపతి వల్ల రెండు రోజులుగా అన్నం సహించట్లేదండి."

యాభై దగ్గర పడుతున్న మనిషిని, గంతెయ్యబోయి ఆగాను.

వీరభద్రపతి నా హీరో. గోదావరికి ఆనకట్ట లేని రోజుల్లో, ఊరు కరువుతో చస్తుంటే ధాన్యపు కొట్టుకు తాళం వేసుకుని కూర్చున్న చిన్న జమీందారు. దుర్మార్గుడు కాదు, భయస్థుడు. చిన్నప్పుడు కోట ముట్టడిలో తమ్ముడు ఆకలికి పోవడం చూశాడు. ఆ భయంతోనే తాగుతాడు, ఆ భయంతోనే ఊరిని చంపుకుంటాడు. మా ఆయన శ్రీనివాసరాజుగారు రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్లాక, కుక్కర్ విజిళ్ల మధ్య, మూడేళ్లు రాశాను అతన్ని. "మా ఆవిడ సినిమా రాస్తోందండి, టైంపాస్‌కి" అని ఆయన చుట్టాల ముందు నవ్వేవారు. టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వేదాన్ని. ఒకసారి నాలుగు పేజీలు తిరగేసి, "తాగుబోతు వెధవ హీరో ఏంటి? కాస్త మంచివాణ్ణి చెయ్యి" అన్నారు. చెయ్యలేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన మాట వినని సందర్భం అదొక్కటే.

"ఒక్కటి అడగనా అండి?" అంది రూబీ. "నూట పది పేజీల్లో ఆయన భార్య ఒక్క మాటా మాట్లాడలేదు. వడ్డిస్తుంది, నిలబడుతుంది, కళ్లు తుడుచుకుంటుంది. పేరు కూడా పెట్టలేదు మీరు. ఎందుకండి?"

వీరభద్రపతికి ఏ కల వస్తే ఉలిక్కిపడతాడో నాకు తెలుసు. ఆ పక్కనే ఉన్న మనిషి ఏమనుకుంటుందో ఒక్కసారైనా అడగలేదు. నన్ను కప్పులందించే మనిషిగానే చూశారని లోపల్లోపల సణుక్కున్నదాన్ని, కలం నా చేతికొచ్చాక చేసిన పని ఇదీ. సిగ్గేసింది. ఆ వెనకే భలే సంతోషం కూడా వేసింది. రాయాల్సింది ఇంకా ఉందన్నమాట!

మా అత్తగారు రత్నమాణిక్యం గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తూ అంతా విన్నారు. కారుకు పరదా కడితే తప్ప ఆడవాళ్లు వీధిలోకి రాని కాలంలో కాపురానికొచ్చిన మనిషి.

"అత్తయ్యగారూ, ఊరు చస్తోంది. మొగుడు తాళంచెవి మొలలో దోపుకుని తాగి పడుకున్నాడు. భార్య ఏం చేస్తుంది? బతిమాలుతుందా?"

"బతిమాలడం దేనికే? కొట్టుకి వెనక గోడ మట్టిదేగా. ఏ మూల చెమ్మ పట్టిందో ఏటా అలికించేదానికి తెలీదూ? తవ్వించేస్తుంది."

"ఆయన లేచి అడిగితే?"

ఆవిడ చిక్కుళ్లు పక్కన పెట్టారు. నడుం నిటారుగా చేసుకుని, నేనెన్నడూ వినని గొంతుతో అన్నారు. "తాళం మీ దగ్గరే ఉందిగా అండీ. భద్రంగా ఉంచుకోండి."

ఇద్దరం పడీపడీ నవ్వాం. మా ఆయన వంటింట్లోకి తొంగిచూసి, "భోజనం ఎంతవరకు వచ్చింది?" అన్నారు.

"ఆగు నాన్నా, మేం సినిమా రాసుకుంటున్నాం" అన్నారు అత్తయ్యగారు.

గురువారం అత్తయ్యగారూ నేనూ భీమవరంలో రైలెక్కి కాకినాడ వెళ్లాం. రూబీ సినిమా నిర్మాత జగన్నాథరావుగారికి రెండు గంటలు కథ చెప్పాను. మొదట్లో కాగితాల్లోంచి తలెత్తకుండా చదివాను. జమీందారు భార్య లక్ష్మీనాంచారి గోడ తవ్వించే చోటికి వచ్చేసరికి లేచి నిలబడి చెబుతున్నాను. తాళం మాట దగ్గర ఆయన బల్ల చరిచి నవ్వారు. ఆ నవ్వు ఆగాక కళ్లజోడు తుడుచుకున్నారు.

"తీద్దామండి" అన్నారు. "ఆ మాట ఎక్కడిదమ్మా?"

"మా అత్తగారిది" అన్నాను. "తెర మీద 'మాటలు' అని వేసే చోట ఆవిడ పేరు కూడా వెయ్యాలండి."

అత్తయ్యగారు పైట సర్దుకుంటూ తలొంచుకున్నారు. తిరుగు రైలు సామర్లకోట దాటింది. అత్తయ్యగారు కిటికీలోంచి కళ్లు తిప్పకుండానే, "అమ్మాయ్, నా దగ్గర ఇంకో కథ ఉందే. ఇందులోనూ మొగాడు మంచివాడు కాడు. పైకి మాత్రం దేవుడంటారు" అన్నారు.

"ఎవరండీ?"

"మీ మావగారు."

నేను పెన్ను మూత తీశాను.