బుంగమూతి రక్తపు బొట్టు

"బుంగమూతి రేపటి పడవ ఎక్కదు," అంటూ వదిన రెండు రక్తపరీక్ష కాగితాలు బల్ల మీద పరిచింది. "వచ్చినప్పటికంటే ఇప్పుడు యాంటీబాడీలు పెరిగాయి. జబ్బు ఒంట్లో ఉన్నట్టే."

ఒడ్డుకు కొట్టుకొచ్చిన సీల్ పిల్లలకు వైద్యం చేసి, పడవలో తీసుకెళ్లి తిరిగి సముద్రంలో వదిలే ఆ కేంద్రానికి వదినే డాక్టరు. ఆమె ఆడపడుచు అక్కడే వెనక గదిలో రక్తపరీక్షలు చేస్తుంది. ఎదుటివాళ్ల మాటను దిద్దకుండా వదలదు కాబట్టి ఇంట్లోనూ పనిలోనూ ఆమెకు పంతులమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది.

పంతులమ్మ రెండు కాగితాలూ దగ్గరికి లాక్కుంది.

"మొదటిది మనం చేసింది కాదు వదినా. అప్పుడు మన మెషీన్ రిపేరులో ఉందని బయటి ల్యాబుకి పంపాం. రెండోది నేను చేశాను. వాళ్లు పరీక్షకు వాడే మందులు వేరు, మనవి వేరు. ఇద్దరు దర్జీలు చెరో టేపుతో కొలిచి, పిల్లాడు పొడుగయ్యాడంటే ఎలా?"

"పెరగలేదని చెప్పగలవా?"

"చెప్పగలను. తగ్గుంటాయి. అవి తల్లిపాలతో వచ్చినవి. ముక్కులో, గొంతులో ఎక్కడా వైరస్ దొరకలేదుగా."

"దొరకనంత మాత్రాన లేదనా? తగ్గకపోతే?"

దానికి జవాబు ఇద్దరికీ తెలుసు. జబ్బున్న పిల్లను వదిలితే సముద్రంలో మంద మొత్తానికీ అంటుకుంటుంది. ఎప్పటికీ ఉంచుకోవడానికి విడి తొట్టె లేదు. ఇక సూదిమందుతో నిద్రపుచ్చడమే. ఆ సూది పట్టుకోవలసింది వదిన.

కిటికీ అవతల తొట్టెలో బుంగమూతి బోర్లా పడుకుని ఉంది. వచ్చినప్పుడు ఎముకల గూడు. ఇప్పుడు నిండు బస్తా. చేపను తోక వైపు నుంచి అందిస్తే మూతి ముడుచుకుని అటు తిరిగిపోతుందని దానికా పేరు.

"వచ్చిన రోజు తీసిన రక్తం ఫ్రీజర్లో అడుగున కాస్త మిగిలింది. ఒక్కసారికి సరిపోతుంది. ఆ రక్తాన్నీ ఈ వారం రక్తాన్నీ ఒకే పలకలో, ఒకే మందుతో, పక్కపక్కనే పెట్టి చూస్తా," అంది పంతులమ్మ.

"చెడితే మళ్లీ చేయడానికి లేదన్నమాట."

"లేదు. అందుకే చెడదు."

"వంటింటి కుళాయి విప్పేముందు మీ అన్నయ్య కూడా ఇలాగే అన్నారు."

"అన్నయ్య పానా పట్టుకోవడం చూశావుగా. నేను పిపెట్ పట్టుకోవడం చూడు."

గుంటల పలకలో పైవరసలో పాత రక్తం, కిందవరసలో కొత్తది. పిపెట్‌తో చుక్క చుక్కగా కొలిచి వేస్తూ ఒక్కో గుంటకూ పలచన చేసుకుంటూ పోయింది. చివర వేరుగా రెండు గుంటలు: ఒకటి ఈ జబ్బు వచ్చి తగ్గిన సీల్‌ది, ఇంకొకటి జబ్బే ఎరుగనిది. ఆ పని ఆమెకు కూరలు తరిగినంత అలవాటు.

మందు పనిచేసేదాకా వదిన కడిగిన కప్పులే మళ్లీ కడిగింది. పడవాయన ఫోన్ చేసి రేపు ఎక్కించే సీల్ పెట్టెలెన్ని అని అడిగితే, "ఉండవయ్యా బాబూ, ప్రాణం తీయకు," అని కసిరింది.

రంగు రావడం మొదలైంది. పంతులమ్మ ముందుగా వరసలకేసి చూడలేదు. చివరి రెండు గుంటలనే చూసింది. జబ్బు వచ్చి తగ్గినదానిది చిక్కటి పసుపు, జబ్బు ఎరుగనిదానిది నీళ్లలా తేట. పరీక్ష సరిగ్గా నడిచింది. అప్పుడు పలకను వదిన వైపు తిప్పింది.

పైవరసలో పసుపు చాలా దూరం పోయింది. కిందవరసలో సగం దాటకముందే వెలిసిపోయింది.

"తగ్గాయి," అంది వదిన.

"అదేగా పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నా."

వదిన కుర్చీలో కూలబడింది. "తల్లి కట్టిచ్చిన మూట అయిపోవస్తోందన్నమాట."

"అవును. ఇక దాని ఒళ్లు అదే కాపాడుకోవాలి. తెల్లకణాలు శుభ్రంగా ఉన్నాయి. యాంటీబాడీలు సొంతంగా చేసుకోగలదు."

వదిన లేచి తొట్టె దగ్గరికి నడిచింది. తొట్టెకు తగిలించిన బోర్డు మీద ఉన్న 'వదలరాదు' అన్న మాటను కోటు చేతితో తుడిచేసి 'రేపటి పడవ' అని రాసింది. ఆ చేత్తోనే కళ్లూ తుడుచుకుని, బకెట్‌లోంచి ఒక చేప తీసి అందించింది. బుంగమూతి మూతి ముడుచుకుని అటు తిరిగిపోయింది.

"తల వైపు నుంచి, వదినా."

"తెలుసులేవే పంతులమ్మా," అంటూ వదిన చేపను తిప్పి పట్టుకుంది.