బదనికను అడగని తల్లి

మొక్కుల్లో నేనెవరిని వదిలేశాను? ఐదేళ్లుగా ఈ సందేహం నన్ను విడవలేదు.

2020లో మా ఆయన సూరిబాబు కరోనాతో ఇక్కడే, గల్ఫ్‌లోని అల్ ఐన్‌లో, ఒక ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాడు. అన్నవరం సత్యదేవుడికి, అంతర్వేది నరసింహస్వామికి, మా ఊరి అమ్మవారికి, చివరకు మరియమాతకు కూడా మొక్కుకున్నాను. పన్నెండో రోజు పోయాడు.

ఈ ఊళ్లోనే నేను వంట చేసే హైదరాబాదు వారింట్లో ఫైజా అని పదేళ్ల పిల్ల ఉంది. మొన్న నేను బెండకాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని, ఎక్కడో మంచుదేశాల పాత దేవతల కథ చెప్పింది.

“ఫ్రిగ్ అని ఒక దేవత, ఆంటీ. కొడుకు బాల్డర్‌కు చావొస్తదని కల వచ్చింది. ఇగ నిప్పు దగ్గరికి పోయింది, ఇనుము దగ్గరికి పోయింది, రాళ్లు, పాములు, రోగాలు... అన్నిటితోని ఒట్టు వేయించుకుంది, నా కొడుకును ఏం చేయొద్దని.”

“బతికాడా మరి?”

“లేదు. చెట్టు కొమ్మ మీద ఇంకో చెట్టు మొలుస్తది చూడు, దాన్ని అడగలే. చిన్నదే కదా, ఏం చేస్తదిలే అనుకుంది. దాన్నే బాణం లెక్క విసిరిన్రు.”

మా వైపు మామిడి కొమ్మల మీద మొలిచే బదనిక అది. కత్తి పక్కన పెట్టేశాను.

“ఆ దేవతలకు ఇప్పుడు గుళ్లున్నాయా తల్లీ?”

“ఏం లేవు, ఖలాస్. కథలే ఉన్నయి. మా క్లాసులో అందరికీ ఇష్టం.”

దీపం పెట్టేవారు లేకపోయినా కథ నిలిచింది. ఆ తల్లి పొరపాటు ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది కాబట్టేమో. నా ఇంట్లో జరిగింది. నా మొక్కుల్లో దేవుళ్లెవరూ తప్పిపోలేదు. తప్పిపోయింది చిట్టెమ్మ.

అప్పట్లో మా పక్క గదిలో ఉండే చిట్టెమ్మ అదే ఆస్పత్రిలో నేల తుడిచేది. జబ్బని తెలిస్తే గది ఖాళీ చేయమంటారన్న భయంతో, మా ఆయన దూరాన లివా ఖర్జూరపు తోటల్లో పనికి వెళ్లాడని అందరికీ చెప్పాను. ఆమెకైనా నిజం చెబుదామనుకుని, తుడిచే మనిషి ఏం చేయగలదులే అని ఊరుకున్నాను. ఆయన పోయాక, మా పొయ్యి వెలగని రోజు, ఆమే అన్నం, చారు తెచ్చి పెట్టి ఏడ్చింది.

“నాకొక్క ముక్క చెప్పుంటే ఆయన చెవి దగ్గర ఫోనెట్టేదాన్ని గదా అక్కా. నీ గొంతన్నా వినేవోడు.”

ఆ మాట తట్టుకోలేక, “చాల్లే, చెప్పొచ్చావు,” అన్నాను. ఆమె అన్నం తిన్నాను, ఆమెతో మాట మానేశాను. తర్వాత గది కూడా మారిపోయాను. చావింట తిన్న ముద్దను, ఓ మంచిరోజు చూసి పెట్టినవాళ్లకు తిరిగి పెట్టాలంటారు మా వైపు. ఒక్క పూట భోజనం. ఐదేళ్లు ఎగ్గొట్టాను.

ఆదివారం గుత్తొంకాయ కూర, పప్పు, అన్నం కట్టుకుని వెళ్లాను.

“ఇన్నాళ్లకు అవుపడిందా మా గుమ్మం?” అంది చిట్టెమ్మ, పక్కకు జరగకుండానే.

“దేవుళ్లందర్నీ అడిగి నిన్ను అడగలేదు, చిట్టెమ్మా.”

“నన్నడిగితే మాత్రం బతికేవోడేంటి?”

“బతికేవాడు కాడు. నా గొంతు వినేవాడు.”

చిట్టెమ్మ గుమ్మంలోంచి పక్కకు జరిగింది. లోపలికి వెళ్లి చేతులు కడుక్కొచ్చి కూర్చుంది. వడ్డించాను. రెండు ముద్దలు తిని తలెత్తింది.

“కూరలో ఉప్పేదే అక్కా?”

ఆమె అలమరలోంచే ఉప్పు తీసి వేశాను. మారు వడ్డిస్తే వద్దనలేదు.