ఇంటి తిండి వడ్లు

బాన్సువాడ చుట్టుపక్కల రైతు అమ్మే వడ్లు కల్లం నుంచే లారీ ఎక్కిపోతాయి. ఇంట్లో తినే వడ్లకే రాజభోగం! మేలైన గింజలు చూసి గుమ్మిలో పోసుకోవడం, పురుగు ముట్టకుండా మందుపొడి చల్లుకోవడం. వెంకట్రాములు ఇంట్లో ఆ పొడి తండ్రి నాడు డబ్బాలో కొనిపెట్టిన పాత పురుగుమందు బీహెచ్‌సీ. ఏటా గుప్పెడు చల్లాల్సిందే. "పురుగుకు మందు గానీ మనిషికేమైతది?" అంటాడు ఎవరడిగినా. మొండి మనిషి, చెబితే వినే రకమా!

వ్యవసాయ శాఖ వాళ్లు పాత మందులు వెనక్కి తీసుకుంటున్నారని తెలిసి, బదులు కొత్తది ఇస్తారేమోనని, అడుగున మిగిలిన పొడిని డబ్బాతో సహా రైతు వేదికకు పట్టుకెళ్లాడు. వ్యవసాయాధికారి పల్లవి చేతులకు తొడుగులు వేసుకుని అందుకుంది.

"ఇలాంటివి తయారు చెయ్యొద్దు, వాడొద్దని దేశదేశాలు కూడి ఒప్పందం చేసుకున్నాయి పెద్దాయనా. ఇది మట్టిలో పడ్డా ఏళ్ల తరబడి పోదు. ఒంట్లో చేరితే కొవ్వులో దాక్కుంటుంది. తల్లిపాల వెంట బిడ్డకూ పోతుంది."

వెంకట్రాములు ఇంట్లో కూతురు సంగీత పచ్చి బాలింత. కానుపుకొచ్చిన నాటి నుంచి ఆ గుమ్మి బియ్యమే తింటోంది.

"పాలు బంద్ చెయ్యాల్నా మేడం?" అని అడిగాడు.

"వద్దు వద్దు, పాలు మాన్పించొద్దు. ఆ బియ్యం మానండి. దవాఖానలో ఒకసారి చూపించండి."

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. భార్య ప్రేమల నెత్తి కొట్టుకుంది.

"నీ చేతులు పడిపోను! ముందుగాల గా వడ్లు బయట పారబొయ్యి!"

"ఏడ పొయ్యాలె? కాల్వల పోస్తే కిందూరోళ్లు లేరా? కోళ్లకేస్తే గుడ్లు తినమా? బర్లకు పెడితే పాలు తాగమా?" అంటూ గుమ్మి ముందు కూలబడ్డాడు. దేశాలన్నీ కలిసి వద్దన్న విషాన్ని ఏరికోరి కన్నబిడ్డ కంచంలో పెట్టాడు, అదీ ప్రేమతో.

సంగీత అరవలేదు, ఏడవలేదు.

"బాపూ, నన్ను గూడ గీ బియ్యంతోనే పెంచినవు గదా?"

"అవు బిడ్డా. మంచి గింజలని..."

లోపల పసిది ఆకలికి గుక్కపట్టింది. సంగీత వెళ్లి ఒడిలోకి తీసుకుంది. కాసేపు దాని మొహం చూస్తూ కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని పాలిచ్చింది.