వంతెన అవతల వదిలిన మిరియం

యూనివర్సిటీ నుంచి రాగానే ధనలక్ష్మి పెరుగన్నం కలిపి మిరియాన్ని పిలిచింది. ఎంత పిలిచినా ఆ నల్లకుక్క రాలేదు. గేటు దగ్గర లేదు, మెట్ల కింద లేదు.

“ఆ గిన్ని తోమీసి లోపల పడీ. ఇంకేటి పని దాంతోటి?” అంది అత్తగారు ఆదిలక్ష్మమ్మ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

స్టీల్‌ప్లాంటు డ్యూటీ దిగి వచ్చిన భర్త సాయిశంకర్ సాక్సులు విప్పుతూ చెప్పాడు. “గోనెసంచిలో ఎట్టి, తగరపువలస వంతెన దాటించి వదిలీసినాను. నువ్వు రాగానే దాని గోల, నీ మురిపెం, సూళ్లేక సస్తన్నాం. ఏరు దాటిస్తే తిరిగి రాదని నువ్వే సెప్పావు కదా?”

అవును, చెప్పింది. ఆమె పరిశోధనే అది, మనుషులు జంతువుల్ని ఎలా దగ్గరకు తీస్తారు, ఎలా వదిలించుకుంటారు అని. నాలుగేళ్లుగా వేకువనే లేచి, ఒక్కొక్కరికి ఒక్కో రకం వండిపెట్టి, అత్తగారి మందులు వరసగా సర్ది, పెందుర్తిలో బస్సెక్కి వన్ టౌన్ సందుల్లో చేపలమ్మే ఆడవాళ్ల పక్కన కూర్చుని రాసుకుంటోంది. “కుక్కల సదువుకి యూనివర్సిటీ ఎందుకే, మన ఈధి సాలదా?” అని సాయిశంకర్ చుట్టాల ముందు నవ్వించేవాడు. తనూ నవ్వేది, సిగ్గులేకుండా. మొన్న భోజనాల దగ్గర మాత్రం, పెళ్లయిన పదమూడేళ్లలో మొదటిసారి, “ఇయాల ఏటి రాసావు?” అని అడిగాడు. పొంగిపోయింది పిచ్చిది. ఏరు దాటిస్తే కుక్క దారి మరిచిపోతుందని చేపల కాశమ్మ చెప్పిన సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. “ఏ వంతెనైనా సరిపోతాదా?” అని మజ్జిగ పోయించుకుంటూ అడిగితే, ఎంత శ్రద్ధో అనుకుంది.

ఏరు దాటి వచ్చేసిందేమోనని మర్నాడంతా వంతెన ఇవతల తగరపువలస వీధులు తిరిగింది. రెండోరోజు వంతెన అవతల టీకొట్టు చిట్టమ్మ చెప్పింది.

“నల్లదా తల్లీ? ఇక్కడే కూకుంది, వొచ్చే బస్సునల్లా సూస్తా. బిస్కట్టేసినా ముట్లేదు. పొద్దున్న ఎవరో ఆడమనిసి బస్సు దిగితే పరిగెట్టింది. లారీ సూసుకోలేదు. మేవే కప్పెట్టీసినాం.”

ఆ పచ్చిమట్టి పక్కన కూలబడి ధనలక్ష్మి వెక్కివెక్కి ఏడ్చింది. దిగే ప్రతి ఆడమనిషిలో తననే వెతుక్కుని ఉంటుంది. దాన్ని లారీ చంపలేదు, సాయిశంకర్ ఒక్కడే చంపలేదు. ఎవరో తన మాట విన్నారన్న సంబరంలో తను చెప్పిన మాటే చంపింది. ఆ సంబరానికి అంత మొహం వాచిపోయి ఉందా తను?

ఫోను మోగింది.

“దొరికిందా, లేదా? లేపోతే వొచ్చీ. అమ్మ టిఫిన్ లేక కూకుంది.”

“నాను రానండి.”

సాయిశంకర్ నవ్వాడు. “ఏటి, వంతెన దాటీసరికి నీక్కూడా దారి తెల్దా?”

“తెలుసండి,” అంది ధనలక్ష్మి కళ్లు తుడుచుకుని. “అయినా రాను.”