అయిదో గీత

చిన్నపోలయ్య మోకాళ్ల మధ్య రేకు బిగించుకుని చెక్క సుత్తితో అంచు సాపు చేస్తున్నాడు. మైపాడులో ముప్పయ్యేళ్లుగా చేపలమ్మే వాళ్లకు ఐసు పెట్టెలు చేసిన చేతులవి. వేళ్ల నిండా కాలిన మచ్చలే. చూపు మందగించింది, అతుకులు కంటికి సరిగా ఆనడం లేదు. అందుకే సాయంత్రం బస్సుకు కృష్ణపట్నం పోయి, ఒక గోడౌనులో కాపలా పనికి చేరుతున్నాడు. కొట్లో మిగిలింది ఒక్క రేకు, ఆఖరి పెట్టె కోసం కాచుకుని కూర్చున్న నాగులమ్మ.

ఆమె పాత పెట్టె ఎటు కొలిచినా నలభై సెంటీమీటర్లు, అరవై నాలుగు లీటర్లు పడుతుంది. దానికి రెండింతలు పట్టేది కావాలంది. పోలయ్య తన టేకు కర్ర తీశాడు. పది సెంటీమీటర్లకో గీత, గీత పక్కన ఆ కొలత పెట్టెకు పట్టే లీటర్లు: ఒకటి, ఎనిమిది, ఇరవై ఏడు, అరవై నాలుగు, నూట ఇరవై అయిదు. బడి ఎనిమిదో తరగతితో మానేసినా ఘనమూలాన్ని మాత్రం వదల్లేదు మహానుభావుడు! రేకు మీద సుద్దతో x³ = 128 అని రాశాడు. జవాబు అయిదుకు రవ్వంత పైన. ఆ రవ్వను పట్టే చూపు ఇప్పుడేదీ? మూడు లీటర్లు తగ్గుతుందని ముందే చెప్పి, అయిదో గీతకే కోశాడు.

నాగులమ్మకు ఒళ్లు మండింది. నలభైకి రెండింతలంటే ఎనభై కదా! ఎనభై పెడితే ఎనిమిదింతలు పడుతుందని, ఆటో కూడా ఎక్కదని అతను ఎంత చెప్పినా చెవికెక్కలేదు.

"పోతా పోతా నన్ను మోసం చేస్తుండావా అన్నా?"

ఆ మాట చురుక్కున తగిలింది. ముప్పయ్యేళ్లలో ఎవరూ అనని మాట ఈ రోజే పడాలా! పెట్టె అతికాడు. ఆమె చేతే పాత పెట్టె నిండా నీళ్లు నింపించి, కొత్తదాంట్లోకి తోడించాడు. మళ్లీ నింపించాడు.

"ఈసారి మూడు లీటర్లు మిగలాల. మిగలకపోతే పెట్టె ఊరికే తీసుకో."

కొత్తది అంచుదాకా నిండింది. పాతదాంట్లో మిగిలిన నీళ్లను ఆమే లీటరు డబ్బాతో తోడింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారి డబ్బాకు ఉత్త రేకే తగిలింది.

నాగులమ్మ తల బాదుకుని నవ్వింది.

"నోరు జారినాను, ఏమనుకోబాకన్నా."

పోలయ్యా పకపకా నవ్వేశాడు. ఆమె నీళ్లు పారబోసి, ఇంటికి పరుగెత్తి వంజరం వేపుడు తెచ్చిపెడితే వేళ్లు నాక్కుంటూ తిన్నాడు. పొద్దు వాలాక సంచి భుజాన వేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కాడు.

నాగులమ్మ గిన్నె ఇంట్లో పెట్టి వచ్చి, పెట్టె తీసుకుపోదామని మూత ఎత్తింది. లోపల ఆ టేకు కర్ర ఉంది. దాని మీద అయిదో గీతకు రవ్వంత పైన, తడుముకుంటూ చెక్కిన ఒక వంకర గీత, పక్కన నూట ఇరవై ఎనిమిది.